వాక్యం పెడితే బాబాయి గ్రూపులోంచి వెళ్ళిపోయారు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాకు 34 ఏళ్ళు. పదేళ్ళ క్రితం ప్రేమించి పెళ్ళి చేసుకున్నాను. మావారిది గుంటూరు, తాతల కాలం నుంచి లూథరన్ చర్చి కుటుంబం. పెళ్ళికి ముందు ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టంతోనే బాప్తిస్మం తీసుకున్నాను. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాం. పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి నాలుగు. మొదటి రెండేళ్ళు పుట్టింటివాళ్ళు మాతో మాట్లాడలేదు. పాప పుట్టాక అమ్మానాన్న కలిసిపోయారు. నాన్నగారు ధనుర్మాసంలో రామాలయం భజనలో హార్మోనియం వాయిస్తారు. అమ్మ పూజ కానిదే కాఫీ కూడా తాగదు.

మా పుట్టింటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పిన్నులు, బాబాయిలు, మామయ్యలు, కజిన్స్ అందరూ ఉన్నారు. పొద్దున్నే వేంకటేశ్వరస్వామి, సాయిబాబా ఫొటోలతో శుభోదయం పెడతారు. నేను రోజుకో బైబిల్ వాక్యం పెడతాను. పోయిన నెల మా చిన్న బాబాయి 'ఇది ఫ్యామిలీ గ్రూపు, చర్చి కాదు' అని రాసి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఒక్కరూ నోరు మెదపలేదు. వాళ్ళు పెడితే భక్తి, నేను పెడితే మతప్రచారమా?

సంక్రాంతికి అమ్మ అరిసెలు, చక్రాలు పంపింది. 'దేవుడి దగ్గర పెట్టకముందే నీ వాటా తీసి డబ్బాలో వేశాను, తినొచ్చు' అని ఫోన్ చేసి మరీ చెప్పింది. అయినా తినకూడదని మా పాస్టరుగారు అన్నారు. పనమ్మాయికి ఇచ్చేసి, తిన్నామని అమ్మకి చెప్పాను. మనవాళ్ళకి సువార్త చెప్పకుండా ఊరుకుంటే వాళ్ళ రక్తానికి మనమే ఉత్తరవాదులమని కూడా ఆయన అంటారు. వైశాఖంలో నాన్నగారి షష్టిపూర్తి. తమ్ముడు అన్నీ చూసుకుంటున్నాడు. కూతురు, అల్లుడు దగ్గరుండాలని అమ్మ పట్టుబడుతోంది. వెళ్ళాలా?

ఇంకో చిన్న విషయం. దసరా సెలవులకి ఊరు వెళ్ళినప్పుడు పాప 'అమ్మమ్మా, నువ్వు చచ్చిపోయాక నరకానికి వెళ్తావా?' అని అడిగింది. అమ్మ నవ్వేసింది. తర్వాత పిన్నితో చెప్పుకుని ఏడ్చిందట. మా ఇంటి సంగతులూ, నా విశ్వాసమూ నావాళ్ళతో పంచుకోవాలని ఉంది. ఎలాగో తెలియడం లేదు.

ఓ సోదరి, హైదరాబాదు

సమాధానం:

అమ్మా, 'ఇంకో చిన్న విషయం' అని చివర్లో రాశారు చూడండి, దానితోనే మొదలుపెడతాను. మిగతావన్నీ ఒక నెల ఆగినా ఫర్వాలేదు. ఇది ఇప్పటికే చాలా ఆగింది.

పాప అడిగినదాంట్లో తప్పు లేదు. సండే స్కూల్లో టీచరు చెప్పింది వింది, ఇంట్లో మీరిద్దరూ మాట్లాడుకున్నదీ వింది. రెండూ కలిపి చూసుకుంటే అమ్మమ్మ పేరు తేలింది. ఆవిడని బాధపెట్టాలని కాదు, భయపడి అడిగింది. అమ్మమ్మ పక్కలో పడుకుని కథలు చెప్పించుకునే పిల్లకి అది ఎంత పెద్ద టెన్షనో ఆలోచించండి. మీ అమ్మగారు ఏడ్చిన సంగతి పిన్ని ద్వారా మీకు తెలిసింది. పాప మనసులో ఏముందో ఎవరైనా కనుక్కున్నారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

అందుకని ముందు పాపతో కూర్చోండి. 'పెద్దవాళ్ళని అలా అడగకూడదు' అని మాత్రం అనొద్దు. అలా అంటే అడగడం మానేస్తుంది గాని భయపడటం మానదు. 'అమ్మమ్మ సంగతి దేవుడు చూసుకుంటాడు, ఎవరు ఎక్కడికి వెళ్తారో తేల్చే పని మనకి ఇవ్వలేదు' అని చెప్పండి. మీ నమ్మకానికి ఇది అడ్డమేమీ కాదు. తీర్పు తీర్చొద్దనే మాటతోనే మత్తయి సువార్త 7వ అధ్యాయం మొదలవుతుంది.

తర్వాత పాపని తీసుకుని ఊరు వెళ్ళండి. ఫోన్లో సారీ చెప్పించడం వద్దు, వీడియో కాల్లో అసలే వద్దు. అక్కడికి వెళ్ళాక కూడా పిల్లని నిలబెట్టి క్షమాపణ చెప్పించకండి, మీరే చెప్పండి. 'దాని మాటకి నువ్వు ఏడ్చావని తెలిసిందమ్మా, అప్పటినుంచీ నా మనసు మనసులో లేదు' అంటే సరిపోతుంది. దాని మీద ఇంకేమీ వివరించకండి. పాపని ఆ రాత్రి అమ్మమ్మ దగ్గరే పడుకోనివ్వండి.

సండే స్కూల్ టీచరుతోనూ ఒక మాట అనండి, ఫిర్యాదుగా కాకుండా. ఆ క్లాసులో మీ పాప ఒక్కతే అయ్యుండదు, హిందువులైన అమ్మమ్మలో తాతయ్యలో ఉన్న పిల్లలు ఇంకా ఉంటారు. వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ బడి) పెడితే బొట్టు పెట్టుకున్న పిల్లలూ పెట్టుకోని పిల్లలూ కలిసి యాక్షన్ సాంగ్స్ పాడి, బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పోయే ఊళ్ళు మనవి. ఆ టీచరుకి ఇది తెలియని విషయం కాదు, ఒకసారి గుర్తు చేస్తే చాలు.

ఇక అరిసెలు.

నేను చర్చికి వెళ్ళే మనిషిని కాను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కానీ గుంటూరు వైపు పెరిగినవాళ్ళ చెవిన బైబిల్ ఎంతో కొంత పడకుండా ఉండదు. 1842లో అమెరికా నుంచి వచ్చిన హయ్యర్ దొర గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టినప్పటి నుంచి మన ఊళ్ళలో రెండు రకాల పండగలూ పక్కపక్క వీధుల్లోనే జరుగుతున్నాయి. ఎవరింటి పిండివంట ఎవరు తినొచ్చు అన్న తగువు కూడా అప్పటినుంచీ ఉండే ఉంటుంది.

నిజానికి తగువు అంతకంటే చాలా పాతది. అపొస్తలుడైన పౌలు కొరింథు ఊరి క్రైస్తవులకి, అంటే కొరింథీయులకు, రాసిన మొదటి పత్రికలో 8వ అధ్యాయం, మళ్ళీ 10వ అధ్యాయం చివరి భాగం దీని గురించే. ఆ ఊళ్ళో గుళ్ళలో బలి ఇచ్చిన మాంసం బజారులో అమ్మకానికి వచ్చేది. కొత్తగా క్రీస్తును నమ్ముకున్నవాళ్ళకి అది కొనొచ్చా, బయటివాళ్ళు భోజనానికి పిలిస్తే తినొచ్చా అని సందేహం. పిలిస్తే, మీకు వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, వడ్డించింది ఆరా తీయకుండా తినండి అన్నాడు పౌలు. ఇది బలి ఇచ్చినదని ఎవరైనా చెబితే మాత్రం, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం, తినొద్దన్నాడు. మీ పాస్టరుగారు ఈ రెండో మాట పట్టుకునే వద్దని ఉంటారు. కానీ మీ అమ్మగారు ఫోన్ చేసి చెప్పింది దానికి సరిగ్గా తిరగేసిన మాట. ఇది పెట్టినది కాదు అని చెప్పారావిడ. ఆ అధ్యాయాలు ముందు పెట్టుకుని పాస్టరుగారితో మర్యాదగా మాట్లాడండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోయినా మీ అమ్మగారు చేసిన పని ఏమిటో ఆయనకి తెలియడం మంచిది. అంతకంటే ముందు మీకు తెలియాలి.

నైవేద్యం అయ్యేదాకా వంటింట్లో ఎవరూ ఎంగిలి చేయకూడదు. పాకం వాసనకి పిల్లలు పొయ్యి చుట్టూ తిరుగుతున్నా 'ముందు దేవుడికి' అని వాళ్ళ చేతులు పక్కకి నెట్టే ఇళ్ళు మనవి. అలాంటి ఇంట్లో, పూజ కానిదే కాఫీ ముట్టని మనిషి, బియ్యం నానబోసి, తడిపిండి ఆరిపోకముందే పాకం పట్టి, చలిమిడి కలిపి, నువ్వులద్ది నూనెలో వేసి, ఒక్కొక్క అరిసె నూనె కారేలా నొక్కి తీసి, దేవుడి పళ్ళెంలోకి వెళ్ళకముందే మీ డబ్బాలో సర్దారు. దేవుడికి ముందు కూతురికి తీశారు! ఇన్నేళ్ళుగా పాటిస్తున్న ఆచారాన్ని మీ కోసం పక్కకి జరిపారు. ఆవిడకి బైబిల్లో ఒక్క వాక్యం కూడా తెలియకపోవచ్చు. మీ మనస్సాక్షికి ఇబ్బంది రాకుండా ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పకుండానే తనంతట తను ఆలోచించుకున్నారు.

మీరు ఆ డబ్బా పనమ్మాయికి ఇచ్చి, తిన్నామని చెప్పారు. కొంచెం గట్టిగానే అడుగుతున్నాను, ఏమనుకోకండి. అరిసె తినడం తప్పో ఒప్పో మీ చర్చి పెద్దలు తేల్చుకుంటారు, ఆ అబద్ధం ఏ అధ్యాయం ప్రకారం ఒప్పు? తినలేకపోతే 'తినలేకపోతున్నానమ్మా, ఇంకా నాకే తేలడం లేదు' అని నిజం చెప్పొచ్చు. ఆవిడ తట్టుకోగలరు. పదేళ్ళలో ఇంతకంటే పెద్దవి తట్టుకున్నారు. నన్నడిగితే మాత్రం వచ్చే సంక్రాంతి దాకా ఆగకుండా, ఊరు వెళ్ళినప్పుడు 'అరిసెలు చేసి పెట్టవే' అని మీరే అడగండి.

గ్రూపు గొడవలో న్యాయం మీ వైపే ఉంది. ఏడుకొండలవాడి ఫొటో శుభోదయం అయినప్పుడు బైబిల్లోని 23వ కీర్తన కూడా శుభోదయమే. బాబాయిగారిది ఏకపక్షమే, మిగతావాళ్ళు నోరు మెదపకపోవడమూ బాగాలేదు. ఇంకో మాట. మీరు రాయలేదు గాని, ఆయన కోపంలో మతం ఎంతో కులం ఎంతో నాకు అనుమానమే. మన పల్లెల్లో ఆ రెండూ విడదీసి చూసేవాళ్ళు తక్కువ. సంగతి అదే అయితే మీరు వాక్యాలు ఆపినా ఆయన కోపం ఆగదు. దాన్ని మీ నెత్తిన వేసుకోకండి.

కానీ మీరు నన్ను అడిగింది న్యాయం గురించి కాదు కదా. మీ జీవితం మీవాళ్ళతో పంచుకోవాలని ఉంది అన్నారు. ఆ లెక్కన చూస్తే గ్రూపులో మీరు పెడుతున్నది మీ జీవితం కాదు. పూల బొమ్మ మీద ఎవరో టైప్ చేసిన వాక్యం చర్చి గ్రూపులో వస్తుంది, మీరు దాన్ని ఇక్కడికి ఫార్వర్డ్ చేస్తారు. మీ పిన్నులు పెట్టే దేవుడి ఫొటోలూ అంతే. ఎవరు పెట్టింది ఎవరూ చదవరు, బొటనవేలితో పైకి తోసేస్తారు. మీరు క్రైస్తవురాలని ఆ గ్రూపులో తెలియనివాళ్ళు లేరు. మీ ఇంట్లో ఆదివారం ఎలా తెల్లవారుతుందో తెలిసినవాళ్ళు మాత్రం ఉండరు. బాబు షూ ఒకటి దొరక్క ఎంత గొడవ అవుతుందో, ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఎంతసేపు కబుర్లు చెప్పుకుంటారో, ఇంటికొచ్చి మీరే కూర వండుతారో దారిలో బిరియానీ కొనుక్కొస్తారో, వాళ్ళకి ఏమీ తెలియదు. తెలియనిచోట జనం ఊహించుకుంటారు. బాబాయిగారు ఊహించుకున్నదే ఆ రోజు రాసి వెళ్ళిపోయారు.

రోజూ వాక్యం పెట్టాలనిపిస్తే స్టేటస్‌లో పెట్టుకోండి. చూడాలనుకున్నవాళ్ళు తెరిచి చూస్తారు, వద్దనుకున్నవాళ్ళకి అడ్డం రాదు. గ్రూపులో మాత్రం ఇంటి కబురు పెట్టండి, మీ సొంత మాటల్లో, వారానికి ఒకటి చాలు. ఇలాంటిదేదైనా:

'నిన్న చర్చిలో పిల్లల పాటలు. మనది మొదటి చరణం బ్రహ్మాండంగా పాడింది, రెండోది మర్చిపోయి వాళ్ళ నాన్నని చూసి నవ్వేసింది. చప్పట్లు మాత్రం దానికే ఎక్కువ. వీడు ప్రసంగం మొదలవకముందే నిద్రపోయాడు. మధ్యాహ్నం గోంగూర పప్పు చేశాను, అమ్మ చేసినట్టు రాలేదు, పులుపెక్కువైంది.'

ఇందులో చర్చి ఉంది, పాట ఉంది, ప్రసంగం కూడా ఉంది. మీరేదీ దాచలేదు, ఎవరినీ మారమని అడగలేదు. దీనికి ఎవరో ఒక పిన్ని 'కందిపప్పు ఇంకాస్త వెయ్యాల్సింది' అని రాస్తుంది. పాట వీడియో ఉంటే పెట్టమని ఒక మామయ్య అడుగుతాడు. ఆ వీడియోలో పాప పాడేది యేసుప్రభువు పాటే. అడిగి మరీ వింటారు.

రెండో వైపు కూడా చూడాలి. వాళ్ళ కబుర్లకి మీరేం రాస్తున్నారు? నాన్నగారు భజనలో హార్మోనియం వాయిస్తున్న ఫొటో ఎవరో ఒకరు పెట్టే ఉంటారు. దాని కింద మీరు ఒక్క మాటైనా రాశారా? విశ్వాసం మార్చుకున్న చాలామంది సరిగ్గా అక్కడే బిగుసుకుపోతారు. గుడి ఫొటో కింద లైక్ కొడితే విగ్రహారాధన అయిపోతుందేమో అని చూసీ చూడనట్టు ఊరుకుంటారు. మీ లైకు ఎక్కడ లేదో అవతల లెక్కపెట్టుకుంటూనే ఉంటారు, మన చుట్టాల సంగతి మీకు తెలియనిదా. 'కొత్త శాలువా బాగుంది నాన్నా, చలిలో గొంతు జాగ్రత్త' అని రాయడానికి ఏ మతమూ అడ్డం రాదు.

డిసెంబరు నెల మీ రెండిళ్ళలో ఎలా గడుస్తుందో ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూశారా? 16వ తేదీకి ధనుర్మాసం మొదలవుతుంది. అమ్మ చీకటితో లేచి కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టి గొబ్బెమ్మలు చేస్తారు, నాన్నగారు ఆ మంచులో రామాలయానికి బయల్దేరతారు. అవే రోజుల్లో మీకు సెమీ క్రిస్మస్‌లు, రాత్రిళ్ళు ఇంటింటికీ తిరిగే కేరల్స్, గుమ్మం మీద స్టారు, 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన. నెలాఖరుకి అక్కడ నాన్నగారి గొంతూ పోతుంది, ఇక్కడ మీ గొంతూ పోతుంది. మిరియాల పాలు తాగుతూ ఫోన్లో చెప్పుకోవడానికి ఇంతకంటే కావలసిందేముంది?

మీ ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉండే ఉంటుంది, లూథరన్ ఇల్లు కదా. తీసి చూడండి, కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారి లాంటివాళ్ళు మన రాగాల్లోనే రాశారు వాటిని. ఆ పుస్తకం నాన్నగారి దగ్గరికి తీసుకెళ్ళి 'ఈ రాగం ఇలాగేనా నాన్నా, మావాళ్ళు సాగదీసి పాడుతున్నారనిపిస్తోంది' అని అడగండి. హార్మోనియం పట్టిన మనిషి రాగం పేరు చూశాక ఊరుకోలేడు. వాయించి చూపిస్తారు, వాయించేటప్పుడు కింద మాటలూ చదువుతారు. మీరు పక్కన కూర్చుని అర్థం చెప్పడం మొదలుపెట్టకండి. ఇది ఆయనకి వల వేయడానికి చెప్పే ఉపాయమని కూడా అనుకోకండి. ఆయనకి తెలిసింది మీరు నిజంగా నేర్చుకోవాలనుకుంటేనే అడగండి, లేకపోతే వద్దు. తేడా ఆయనకి ఇట్టే తెలిసిపోతుంది.

'వాళ్ళ రక్తానికి ఉత్తరవాదులం' అన్న మాట మిమ్మల్ని లోపల్లోపల తినేస్తోందని అర్థమవుతోంది. అది యెహెజ్కేలు ప్రవక్తని కావలివాడిగా పెట్టినప్పుడు ఆయనకి చెప్పిన మాట. ఆ బరువంతా తెచ్చి మీ అమ్మానాన్నల వాట్సాప్ మీద దించాలా అన్నది మీరే ఆలోచించుకోండి. అదే బైబిల్లో పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం 15వ వచనం కూడా ఉంది. మీ నిరీక్షణకి కారణమేమిటని అడిగినవాళ్ళకి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి, అదీ సాత్వికంగా చెప్పండి అని. అడిగినవాళ్ళకి. మీరు అడగకముందే చెప్పేస్తున్నారు గనక ఎవరికీ అడగాల్సిన అవసరం రావడం లేదు.

అడిగిన రోజున మాత్రం దాచకండి. ఎప్పుడో ఒక రాత్రి, అందరూ పడుకున్నాక, 'అసలు నీకు అందులో ఏం కనపడిందే?' అని అమ్మ అడగొచ్చు. అప్పుడు ప్రసంగం ఎత్తుకోవద్దు. పుట్టింటివాళ్ళు మాట్లాడని ఆ రెండేళ్ళు మీరెలా నెట్టుకొచ్చారో, ఎవరికి చెప్పుకుని ఏడ్చారో చెప్పండి. ఆ రెండేళ్ళు ఆవిడకీ గడిచాయి. ఆవిడా దేవుడి గదిలో కూర్చుని ఏడ్చే ఉంటారు. అదీ అడిగి వినండి.

చివరికి ఆవిడ 'అందరి దేవుడూ ఒక్కడేలే' అంటే దిద్దకండి. మీకా మాట మింగుడుపడదని తెలుసు. కానీ మనవాళ్ళ నోట అది ఊరికే వచ్చిన మాట కాదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత కొండకి హిందువులు ఎంతమంది వెళ్తారో విజయవాడవాళ్ళని అడగండి, తలనీలాలు ఇచ్చి మరీ వస్తారు. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు బారులు తీరతారు, స్వామిని పెళ్ళాడిందని చెప్పుకునే బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు అని. మిమ్మల్ని దగ్గరికి తీసుకోవడానికి మీ అమ్మగారికి తెలిసిన మాట అది. అందులో సిద్ధాంతం తప్పొప్పులు వెతకడం మొదలుపెడితే ఇంకోసారి అనరు.

వాళ్ళు మీ ఇంటికి వచ్చినప్పుడు కుటుంబ ప్రార్థన ఆపకండి. అమ్మమ్మ వచ్చిందని మానేస్తే, ఇదేదో దాచుకోవాల్సిన పని అని పిల్లలకి తోస్తుంది. చిన్నగా చేసుకోండి. అయితే ఒక్క జాగ్రత్త. 'ప్రభువా, రక్షణ లేని మా బంధువుల కళ్ళు తెరిపించు' అని, ఆ బంధువులు పక్క సోఫాలోనే కూర్చుని ఉండగా గట్టిగా పలికే అలవాటు చాలా ఇళ్ళలో చూశాను. అది దేవుడికి చెబుతున్నట్టు చెప్పి మనుషులకి తగిలించడం. మీ అమ్మగారికి అర్థం కాదనుకోకండి. 'అమ్మమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గించు, తాతయ్య ప్రయాణం క్షేమంగా జరిపించు' అని పాప చేత చెప్పించండి, చాలు.

ఆవిడ సంచిలో చిన్న పటం ఒకటి తెచ్చుకుంటారు, పొద్దున్నే దీపం పెట్టుకోవాలంటారు. దానికి మీ ఇంట్లో ఒక గదిలో కిటికీ గట్టు ఇవ్వగలరా? ఇది మీ ఆయనతో ముందే మాట్లాడుకోవాలి. ఇవ్వలేమనుకుంటే రాకముందే చెప్పండి, వచ్చాక మొహం ముడుచుకోకండి. నేనైతే ఇవ్వమనే అంటాను. అరిసెల డబ్బా కోసం ఆవిడ జరిపినదాంతో పోలిస్తే కిటికీ గట్టు పెద్ద విషయమేమీ కాదు. అలాగే క్రిస్మస్‌కి వాళ్ళని చర్చికి రమ్మని పిలవొద్దు, భోజనానికి రమ్మని పిలవండి. చర్చి చూస్తామని వాళ్ళే అంటే అప్పుడు తీసుకెళ్ళండి.

ఇంతకీ మీ ఉత్తరంలో మీ ఆయన ఎక్కడా కనపడలేదు. మీ పుట్టింటివాళ్ళతో ఆయన ఎలా ఉంటారు? అన్నీ మీ ద్వారానే నడుస్తుంటే అదీ ఒక ఇబ్బందే. ఆయన్నే అప్పుడప్పుడు ఫోన్ చేయమనండి, మీరు పక్కన కూర్చుని చెవిలో చెప్పకుండా. 'మామయ్యగారూ, బీపీ మాత్రలు అయిపోయాయా, ఇక్కణ్ణుంచి పంపనా?' అని అల్లుడు అడిగితే మామగారికి అదో తృప్తి.

ఇక షష్టిపూర్తి. వెళ్ళండి, అందులో రెండో మాట లేదు. మీ మనసుకి ఆధారం కావాలంటే రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయం చదవండి. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు నయమయ్యాక ఇశ్రాయేలు దేవుణ్ణి నమ్ముకుంటాడు. తిరిగి వెళ్ళేముందు ఎలీషా ప్రవక్తతో ఒక చిక్కు చెప్పుకుంటాడు. మా రాజు రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు నా చెయ్యి ఆనుకుంటాడు, ఆయనతోపాటు నేనూ వంగాల్సి వస్తుంది, అది క్షమించాలి అంటాడు. ఎలీషా కోప్పడలేదు, నెమ్మదిగా వెళ్ళి రమ్మన్నాడు. మీ అమ్మగారు మిమ్మల్ని వంగమని కూడా అడగడం లేదు, దగ్గరుండమంటున్నారు.

కానీ మాటలన్నీ ముందే అయిపోవాలి. పురోహితుడు 'అమ్మాయీ అల్లుడూ ఇలా రండి' అని పిలిచాక నలుగురిలో 'మేం చేయం' అంటే మీ నాన్నగారికి అంతకంటే అవమానం ఉండదు. పాపతో ఊరు వెళ్ళినప్పుడే అమ్మతో, తమ్ముడితో కూర్చుని ఏవి చేయగలరో ఏవి చేయలేరో చెప్పేయండి. సంకల్పం చెప్పుకోలేకపోవచ్చు, తీర్థం పుచ్చుకోలేకపోవచ్చు, హారతి కళ్ళకి అద్దుకోలేకపోవచ్చు. అమ్మానాన్నలకి మళ్ళీ పెళ్ళి చేసేటప్పుడు అక్షింతలు వెయ్యొచ్చా అంటే, మీ మనస్సాక్షి ఒప్పుకుంటే వెయ్యండి, లేదంటే ఆ సమయంలో పిల్లలని ఎత్తుకుని ముందు వరసలో నిలబడండి. పీటల దగ్గర పనులు తమ్ముడు చూసుకుంటాడు. పురోహితుడికీ అతనే ముందుగా ఒక మాట చెప్పి ఉంచితే మిమ్మల్ని పేరు పెట్టి పిలవరు.

మీరు మాత్రం వేరే పని అందుకోండి, నలుగురికీ కనపడే పని. వచ్చినవాళ్ళని పలకరించడం, పంక్తిలో వడ్డన. మీ ఆయనకి వంటవాళ్ళ లెక్కలు, టెంటు సామాను అప్పజెప్పండి. అల్లుడు పప్పు గిన్నె పట్టుకుని పంక్తిలో తిరుగుతుంటే ఊరివాళ్ళు ఆయన మతం సంగతి కాసేపు మర్చిపోయి, నెయ్యి ఎక్కడా అని అడుగుతారు. బట్టలు పెట్టడం మీ చేతుల మీదుగా జరగాలి. అమ్మకి పట్టుచీర, నాన్నకి జరీ అంచు పంచెలు. చిన్న బాబాయికీ ఒక మంగళగిరి పంచెల చాపు తీసుకోండి, గ్రూపు సంగతి మాత్రం ఆ రోజు మీ అంతట మీరు ఎత్తకండి.

వైశాఖంలో పెళ్ళిళ్ళ రద్దీ ఉంటుంది, తెనాలి మీదుగా వెళ్ళే రైళ్ళలో బెర్తులు దొరకవు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి తేదీ ఖాయం కాగానే చూసుకోండి, మీ ఆయన్ని ఆఫీసులో సెలవు ఇప్పుడే అడగమనండి. భోజనం వేళకి దిగేలా కాకుండా, పిండివంటలు మొదలయ్యే రోజుకి ఇంట్లో ఉండేలా వెళ్ళండి.